పొద్దున స్టార్టింగ్ ట్రబుల్, ఇంజక్టర్ల మీద తడి: నాలుగు ఇంజక్టర్లు మార్చే ముందు రిటర్న్ లైన్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 2013 మోడల్ 1.3 లీటర్ డీజిల్ కారు, 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎనిమిది, పది సెకన్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. స్టార్ట్ అయ్యాక కాసేపు తడబడి సర్దుకుంటోంది. ఆ తర్వాత రోజంతా ఎన్నిసార్లు ఆపి తీసినా ఠక్కున అందుకుంటోంది. బానెట్ ఎత్తితే డీజిల్ వాసన, ఇంజక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే పరికరాల) నెత్తిన తడి. మెకానిక్ చూసి "ఇంజక్టర్లు లీకు, నాలుగూ మార్చాలి, డెబ్బై వేలు" అన్నాడు. మార్చాలా వద్దా అన్నది మీ సందేహం.

ఇప్పుడే మార్చకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా డీజిల్ పంపులు, ఇంజక్టర్ల పనే చేస్తున్నాను. ఇంజక్టర్లు అమ్ముడుపోతే నాకు లాభమే, అయినా చెబుతున్నాను.

"ఇంజక్టర్ లీకు" అనే ఒక్క మాట కింద రెండు వేరు వేరు జబ్బులు ఉన్నాయి. ఒకటి డీజిల్ బయటికి కారడం. రెండోది డీజిల్ లోలోపలే అవసరానికి మించి రిటర్న్ పైపులోకి వెళ్లిపోవడం. మా వాళ్లు దీన్నే "రిటర్న్ కొడుతోంది" అంటారు. మొదటిది కంటికి కనిపిస్తుంది, వాసన వస్తుంది, చాలాసార్లు ఒక చిన్న రబ్బరు రింగుతో పోతుంది. రెండోది బయట చుక్క కూడా పడనివ్వదు, జేబు ఖాళీ చేసేది అదే. మీరు రాసినవన్నీ మొదటి జబ్బు లక్షణాలు. బిల్లు మాత్రం రెండో దానికి వేశారు.

ఇది ఎందుకో తెలియాలంటే ఇంజక్టర్ ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. కామన్ రైల్ బండిలో, అంటే అన్ని ఇంజక్టర్లకూ రైల్ అనే ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే బండిలో, ట్యాంకు నుంచి బయలుదేరిన డీజిల్ అంతా కాలిపోదు. ఫిల్టర్ దాటి హై ప్రెషర్ పంపుకు, అక్కడి నుంచి రైల్‌కు, రైల్ నుంచి నాలుగు ఇంజక్టర్లకు వెళ్తుంది. ఐడిల్‌లోనే, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడే, రైల్‌లో 250, 300 బార్ ఉంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెయ్యి దాటి 1,500 బార్ ప్రాంతానికి పోతుంది. మన కారు టైరులో గాలి రెండు బార్ పైచిలుకు, దాంతో పోల్చుకోండి.

ఇంత ప్రెషర్ కింద ఉన్న నాజిల్ సూదిని చిన్న కరెంటు కాయిల్ నేరుగా ఎత్తలేదు. అందుకని ఇంజక్టర్ లోపల, సూదికి పైన ఒక చిన్న గది పెట్టారు. ఆ గదిలోనూ రైల్ ప్రెషరే ఉండి సూదిని కిందికి అదిమి పెడుతుంది. బండిలోని కంప్యూటర్ కరెంటు ఇవ్వగానే కాయిల్ ఒక బుల్లి బంతి వాల్వుకు దారి వదులుతుంది. గదిలోని డీజిల్ కొద్దిగా పక్కకు తప్పుకుంటుంది, పైన అదుము తగ్గి సూది లేస్తుంది, కింద నాజిల్‌లోంచి స్ప్రే పడుతుంది. పక్కకు తప్పుకున్న ఆ డీజిలే రిటర్న్. కాబట్టి బండి నడుస్తున్నంతసేపూ ప్రతి ఇంజక్టర్ నుంచీ కొంచెం రిటర్న్ రావాల్సిందే. "సార్, ఇంజక్టర్ నుంచి రిటర్న్ వస్తోంది, పోయినట్టే" అని ఎవరైనా పైపు ఊడదీసి చూపిస్తే బెదిరిపోకండి. అడగాల్సింది ఎంత వస్తోంది అని.

ఆ బంతి కూర్చునే సీటు ఏళ్ల తరబడి అరుగుతుంది, మురికి డీజిల్ పడితే ఇంకా తొందరగా అరుగుతుంది. అప్పుడు వాల్వు మూసి ఉన్నా డీజిల్ జారిపోతూనే ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు తిరిగే వేగం తక్కువ. అది పోసేదానికంటే జారిపోయేది ఎక్కువైతే రైల్‌లో ప్రెషర్ లేవదు. రైల్ ప్రెషర్ ఒక హద్దు దాటితేనే కంప్యూటర్ ఇంజక్టర్లకు కరెంటు ఇస్తుంది. చాలా బండ్లలో ఆ హద్దు 200 బార్‌కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంతవరకు మీరు ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ దిగడమే.

ఇప్పుడు అసలు కిటుకు. వేడి డీజిల్ పలచగా ఉంటుంది, చల్లటి డీజిల్ కాస్త చిక్కగా ఉంటుంది. అరిగిన సీటులోంచి పలచటిది సులువుగా జారుతుంది. అందుకే లోపల రిటర్న్ కొట్టే ఇంజక్టర్ పొద్దున కంటే మధ్యాహ్నం ఎక్కువ ఏడిపిస్తుంది. హైవే మీద వంద కిలోమీటర్లు వచ్చి హోటల్ దగ్గర ఇంజన్ ఆపి, టిఫిన్ చేసి వచ్చి కీ తిప్పితే అందుకోదు. అరగంట చల్లారాక మళ్లీ అందుకుంటుంది. మీ బండి దీనికి పూర్తిగా తలకిందులు: వేడి మీద ఠక్కున అందుకుంటోంది, రాత్రంతా నిలబడితేనే మొరాయిస్తోంది. లోపలి లీకేజీ ఉన్న బండి ఇలా ప్రవర్తించడం నేను చాలా అరుదుగా చూశాను.

రాత్రంతా నిలబడితే వచ్చే ట్రబుల్‌కు సాధారణంగా మూడు కారణాలు: లైన్‌లో ఎయిర్ పట్టడం, గ్లో ప్లగ్గులు (చలిలో స్టార్ట్ అయ్యేందుకు సిలిండర్ లోపల వేడి పుట్టించేవి) పోవడం, బ్యాటరీ లేదా సెల్ఫ్ మోటారు నీరసపడటం. మీరు కోస్తా ప్రాంతంలో ఉన్నారు కాబట్టి గ్లో ప్లగ్గుల్ని నేను చివర పెడతాను. పొద్దున పాతిక డిగ్రీలు ఉండే ఊళ్లో కంప్రెషన్ బాగున్న కామన్ రైల్ ఇంజన్ గ్లో ప్లగ్ లేకపోయినా మామూలుగా అందుకుంటుంది. డిసెంబరులో ఆదిలాబాద్ నుంచో లంబసింగి నుంచో ఇదే ప్రశ్న వస్తే ముందు గ్లో ప్లగ్గులే చూడమనేవాణ్ని. బ్యాటరీ సంగతి సెల్ఫ్ చప్పుడే చెబుతుంది. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ అందుకోవడం లేదంటే తప్పు బ్యాటరీది కాదు.

మిగిలింది ఎయిర్. దానికీ మీరు చూసిన తడికీ చుట్టరికం ఉంది. ఇంజక్టర్ నెత్తిన రిటర్న్ పైపు ప్లాస్టిక్ కనెక్టర్‌తో దిగి ఉంటుంది. దాని మొదట్లో మినపగింజ కంటే కాస్త పెద్ద ఓరింగ్, అంటే ఇందాక చెప్పిన రబ్బరు రింగు. ఇంజన్ వేడికి పదేళ్లు ఉడికి అది రబ్బరులా సాగడం మానేసి గాజు గాజులా గట్టిపడుతుంది. ఇంజన్ నడుస్తుంటే ఆ సందులోంచి డీజిల్ బయటికి ఊరుతుంది. ఆపాక రిటర్న్ లైన్‌లోని డీజిల్ వెనక్కి, కిందున్న ట్యాంకులోకి దిగజారుతుంది, అదే సందులోంచి గాలి లోపలికి వస్తుంది. డీజిల్ బయటికి వచ్చే దారే గాలి లోపలికి వెళ్లే దారి. హై ప్రెషర్ పంపు రిటర్న్ కూడా అదే లైన్‌లో కలుస్తుంది కాబట్టి తెల్లారేసరికి పంపు వైపు కూడా కొంత ఖాళీ అవుతుంది. ట్యాంకులో కరెంటు పంపు ఉన్న బండ్లలో కీ ఆన్ చేయగానే ఆ పంపు రెండు మూడు సెకన్లు ఆడి ఖాళీని నింపుతుంది. సందు చిన్నదైతే తేడా తెలియదు. ఓరింగ్ మరీ పాడయ్యాక ఆ రెండు మూడు సెకన్లు చాలవు, మిగతాది మీ సెల్ఫ్ నింపుకోవాలి. ట్యాంకులో పంపు లేకుండా ఇంజన్ పంపే లాక్కునే బండ్లలో, అంటే ఫిల్టర్ దగ్గర చేత్తో నొక్కే ప్రైమర్ ఉన్నవాటిలో, ఈ జబ్బు ఇంకా తొందరగా బయటపడుతుంది.

రేపు పొద్దున మొదట చేయాల్సింది పైసా ఖర్చు లేని పని. కీ ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టొద్దు. వెనక సీటు కింది నుంచి పంపు గుయ్‌మనడం వినిపిస్తుంది. అది ఆగగానే కీ ఆఫ్. ఇలా మూడుసార్లు చేసి నాలుగోసారి సెల్ఫ్ కొట్టండి. మామూలు బండిలా ఒకటి రెండు సెకన్లలో అందుకుంటే ఎయిర్ అనేది దాదాపు ఖాయం, ఇంజక్టర్ల మాట మర్చిపోవచ్చు. మార్పేమీ లేకపోతే కీ అలాగే ఆన్‌లో ఉంచి గ్లో లైటు ఆరేవరకు ఆగి చూడండి, ఆ తేడా కూడా రాసుకోండి.

రెండో రాత్రి ఇంకో పరీక్ష. ఏటవాలు ఉన్న చోట బండి ముందు భాగం పైకి ఉండేలా నిలపండి, మర్నాడు ముందు భాగం కిందికి ఉండేలా. ముందు పైకి ఉన్నప్పుడు ఎక్కువ మొరాయించి, కిందికి ఉన్నప్పుడు సులువుగా అందుకుంటే డీజిల్ వెనక్కి దిగజారుతోందని అర్థం. ట్యాంకు ఫుల్ చేయించిన రోజు ట్రబుల్ తగ్గిందా అన్నది కూడా గుర్తు తెచ్చుకోండి. తగ్గితే అదీ ఇదే వైపు చూపిస్తుంది.

తర్వాత తడి ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి. ఇంజక్టర్ల మీద కవర్ తీసి, చల్లగా ఉన్నప్పుడు ఆ ప్రాంతమంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి గుడ్డతో ఒత్తి ఆరబెట్టండి. ఆరాక మొహానికి రాసుకునే టాల్కం పౌడరు నాలుగు ఇంజక్టర్ల నెత్తినా, కనెక్టర్ల చుట్టూ పలచగా చల్లండి. ఇంజన్ పది నిమిషాలు ఐడిల్‌లో నడపండి. తెల్లటి పౌడరులో డీజిల్ ఊరిన చోట ముదురు రంగు చుక్క వచ్చి మెల్లగా వెడల్పవుతుంది. టార్చిలైటు వేసి చూస్తే అది ఓరింగ్ దగ్గర మొదలైందా, కనెక్టర్ పగులులోంచా, గుడ్డ అల్లిక ఉన్న చిన్న హోస్ పైపులోంచా అన్నది స్పష్టంగా తెలిసిపోతుంది. హోస్ పైపు మామూలుగా చూస్తే బాగానే ఉంటుంది, వేళ్లతో వంచితే చీలికలు నోళ్లు తెరుస్తాయి. తడి ఇంజక్టర్ మొదట్లో, సిలిండర్ హెడ్‌లోకి దిగే చోట కనిపించి, నల్లగా తారులా గడ్డకట్టి ఉంటే అది రిటర్న్ లైన్ సంగతి కాదు. ఇంజక్టర్ కింద ఉండే రాగి వాషర్ వదిలేసి కంప్రెషన్ గాలి పైకి తన్నుతోంది, అది వేరే పని.

ఇక్కడ ఒక్క హెచ్చరిక, కాస్త గట్టిగానే చెబుతాను. మనం మాట్లాడుతున్న రిటర్న్ పైపుల్లో ప్రెషర్ నామమాత్రం. వాటి పక్కనే రైల్ నుంచి ఇంజక్టర్లకు వెళ్లే ఇనుప గొట్టాలు ఉంటాయి, వాటిలో వందల బార్. ఇంజన్ నడుస్తుండగా వాటి నట్టు జోలికి పోవద్దు. లీకు ఉందేమోనని వేలు పెట్టి తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ప్రెషర్ మీద వచ్చే సన్నటి డీజిల్ దార చర్మాన్ని సూదిలా చీల్చి లోపలికి పోతుంది. పైన చీమ కుట్టినంత మచ్చే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు, కానీ లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే పసుపు రాసి కూర్చోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లి డీజిల్ లోపలికి కొట్టిందని చెప్పాలి. పాత తరం పంపు బండ్లలో నడుస్తున్న ఇంజన్ మీద పైపు నట్టు వదులు చేసి "ఏ సిలిండర్ కొట్టడం లేదో" చూసే అలవాటు ఉండేది. ఆ అలవాటు కామన్ రైల్ మీద చూపిస్తే చెయ్యి పోతుంది.

తడి ఉన్నంత కాలం దాన్ని చిన్నచూపు చూడకండి కూడా. "డీజిల్ పెట్రోల్‌లా అంటుకోదు లెండి" అంటారు చాలామంది. మన దేశంలో డీజిల్ ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం. మే నెలలో రామగుండంలో గాలే 45 డిగ్రీలు ఉంటుంది, బానెట్ కింద ఇక చెప్పేదేముంది. పైగా టర్బో, ఎగ్జాస్ట్ అక్కడే. ఇంకో నష్టం: కారిన డీజిల్ ఆల్టర్నేటర్ మీద, బెల్టు మీద పడితే బెల్టు ఉబ్బి జారుతుంది, ఆల్టర్నేటర్ పాడవుతుంది.

ఇక్కడిదాకా వచ్చాక మీ బండి సంగతి తొంభై శాతం తేలిపోతుంది. అయినా మెకానిక్ మాట అబద్ధమో నిజమో తేల్చుకోవాలంటే రిటర్న్ కొలవాలి. కొలవకుండా ఇంజక్టర్ మార్చమనడం, బీపీ చూడకుండా బీపీ మాత్ర రాయడం లాంటిది.

దీనికి అమ్మే కిట్లు ఉన్నాయి, కానీ మెడికల్ షాపులో దొరికే 50 ఎంఎల్ సిరంజీలు నాలుగు, సెలైన్ గొట్టం రెండు మీటర్లు చాలు. సిరంజీల లోపలి పుల్ల తీసేయండి, పై మూతి తెరిచే ఉండాలి. గొట్టాన్ని నాలుగు సమానమైన ముక్కలు కోసి, ప్రతి సిరంజీ కింది మూతికి ఒక ముక్క బిగించండి. నాలుగు సిరంజీలను ఒకే ఎత్తులో బానెట్‌కు వరసగా కట్టండి. ఎత్తు తేడా ఉంటే లెక్క తేడా వస్తుంది. బండి ముందుగా వేడెక్కి ఉండాలి. ఇంజన్ ఆపి, ఐదు నిమిషాలు ఆగి, ఇంజక్టర్ల నెత్తిన రిటర్న్ కనెక్టర్లు తీయాలి. కొన్నింటిలో మధ్యలో ఉన్న ముక్కను పైకి లాగాలి, కొన్నింటిలో రెండు పక్కలా నొక్కాలి. పాత ప్లాస్టిక్ బిస్కెట్టులా విరుగుతుంది, స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోయొద్దు. సెలైన్ గొట్టం ఇంజక్టర్ మూతికి నేరుగా పట్టదు కాబట్టి పాత కనెక్టర్లనే అడాప్టర్లుగా వాడుకోవచ్చు, కొత్తది తెచ్చాక పాతదాన్ని ఇందుకే దాచుకోండి.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు. ఇంజక్టర్ల నుంచి ఊడదీసిన రిటర్న్ లైన్ చివర తెరిచి ఉంటుంది. దాన్ని మూయాలి, నిజమే. కానీ ఇంజక్టర్ల కొమ్మను మాత్రమే మూయాలి. హై ప్రెషర్ పంపు నుంచి ట్యాంకుకు వెళ్లే ప్రధాన రిటర్న్‌ను మూస్తే పంపు లోపలి డీజిల్‌కు పోయే దారి ఉండదు, పంపు షాఫ్టు సీలు తన్నుకొచ్చేస్తుంది. వంద రూపాయల పరీక్ష కోసం పంపు దింపించుకున్న వాళ్లు నాకు తెలుసు.

అన్నీ సరిచూసుకుని ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో రెండు నిమిషాలు నడిపి ఆపండి. నాలుగింటిలో వచ్చింది పక్కపక్కన పెట్టి చూడండి. ఇంతే రావాలన్న లెక్క ఇంజక్టర్ రకాన్ని బట్టి మారుతుంది, అందుకని వాటిలో వాటినే పోల్చుకోవడం మేలు. కొద్ది తేడా సహజం. ఒకటి మిగతావాటికి రెండు మూడు రెట్లు ఉంటే దాన్ని అనుమానించాలి. ఆ ఒక్కదాన్ని పక్క సిలిండర్‌లోకి మార్చి చూడనవసరం లేదు, పరీక్ష ఇంకోసారి చేస్తే చాలు. రెండోసారీ అదే ఎక్కువ చూపిస్తే ఖాయం.

స్టార్టే అవ్వని బండికి ఇంకా సులువు. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి చూడండి. రైల్ ప్రెషర్ హద్దు దాటకపోతే కంప్యూటర్ స్ప్రే వేయడం లేదు కాబట్టి రిటర్న్ కూడా దాదాపు సున్నా ఉండాలి. ఏ సిరంజీలో గబగబా నిండుతుందో దొంగ అదే. నాలుగూ ఖాళీగా ఉండి ప్రెషర్ మాత్రం లేవకపోతే దొంగ ఇంజక్టర్లలో లేడు. రైల్ చివర ఉండే ప్రెషర్ వాల్వు, పంపు, ఫిల్టర్ వైపు వెతకాలి.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని బండ్లలో పియెజో ఇంజక్టర్లు, అంటే కాయిల్ బదులు కరెంటుకు సాగే స్ఫటికంతో పనిచేసేవి, వస్తాయి. వాటికి రిటర్న్ లైన్‌లో పది బార్ దాకా ఎదురు ప్రెషర్ ఉంటేనే పనిచేస్తాయి, దానికోసం లైన్‌లో ఒక వాల్వు ఉంటుంది. వాటి రిటర్న్ ఊడదీసి సిరంజీలు పెడితే ఇంజన్ సరిగ్గా నడవదు, మంచి ఇంజక్టర్లు కూడా చెడ్డవిగా కనిపిస్తాయి. మీది 1.3 మల్టీజెట్ తరం ఇంజన్ అయితే, అంటే ఫియట్ డిజైన్ చేసి మన దేశంలో చాలా కార్లకు ఇచ్చింది, అందులో కాయిల్ ఇంజక్టర్లే. కంగారు అక్కర్లేదు.

బండి కంప్యూటర్‌లోని లెక్కలు చదివి ఫోన్‌కు బ్లూటూత్‌తో చూపించే చిన్న ఓబీడీ అడాప్టర్ ఉంటే ఇంకో కన్ను ఉన్నట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు రైల్ ప్రెషర్ ఎలా లేస్తోందో చూడండి. పొద్దున కొన్ని సెకన్లు నేలకు అతుక్కుని ఉండి, ఒక్కసారిగా ఎగిసి ఇంజన్ అందుకుంటే పంపు అంతసేపూ గాలినే నమిలిందని అర్థం. మెల్లగా ఎక్కుతూ 150 దగ్గర ఆయాసపడి ఆగితే ఎక్కడో జారిపోతోంది. కోడ్ పీ0087 వచ్చిందంటే రైల్ ప్రెషర్ తక్కువగా ఉందని మాత్రమే చెబుతోంది, ఇంజక్టర్ పోయిందని చెప్పడం లేదు. ఆ కోడ్ చూపించి ఇంజక్టర్లు అమ్మడం మా లైన్‌లో పాత ఎత్తు.

ఒక కేసు చెబుతాను. ఐదారేళ్ల కిందట నందిగామ వైపు నుంచి ఒక టాక్సీ ఆయన వచ్చారు. అంతకుముందు ఇంకో చోట రెండు ఇంజక్టర్లు మార్పించుకున్నారు, పొద్దున ట్రబుల్ అలాగే ఉంది. "అన్నా, మిగతా రెండూ మార్చెయ్, పీడా పోతుంది" అన్నారు. ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే పైపు మధ్యలో ఒక జానెడు పారదర్శకమైన గొట్టం పెట్టి రాత్రి బండి షాపులోనే ఉంచమన్నాను. పొద్దున ఏడింటికి గొట్టంలో సగానికి పైగా గాలే. సెల్ఫ్ కొడితే నురగలా బుడగలు పరిగెత్తాయి. తడి ఎక్కడా లేదు, పౌడరు చల్లినా ఏమీ కనబడలేదు. చివరికి చూస్తే ఇంజక్టర్లు మార్చినప్పుడు రిటర్న్ కనెక్టర్ ఒకదాని కాలు విరిగితే దాన్ని ప్లాస్టిక్ టై వేసి కట్టారు. నడిచేటప్పుడు ఇంజన్ వేడికి ప్లాస్టిక్ వ్యాకోచించి అతుక్కుంటోంది, రాత్రి చల్లారాక వదులై గాలి తాగుతోంది. కొత్త కనెక్టర్, నాలుగు ఓరింగులు వేశాం. ఊరికే ఉండలేక ఆయన ఎదురుగానే రిటర్న్ కూడా కొలిచాను: 12, 14, 13, 13 ఎంఎల్. మిగిలిన పాత ఇంజక్టర్లు రెండూ కొత్తవాటితో సమానంగా ఉన్నాయి. ఆయన కాసేపు మాట్లాడలేదు. తీసేసిన రెండు ఇంజక్టర్లు ఎక్కడున్నాయో ఆయనకు తెలియదు.

అందుకే చెబుతున్నాను, ఏది మార్చినా పాత సామాను అడిగి తీసుకోండి.

మీ పని విషయానికి వస్తే, ఓరింగులు నాలుగూ ఒకేసారి మార్చండి. ఒకటి గట్టిపడితే మిగతా మూడూ దాని తోబుట్టువులే. వేడికి, డీజిల్‌కు తట్టుకునే వైటాన్ రకం అడగండి. హార్డ్‌వేర్ షాపులో నీళ్ల పంపుకు అమ్మే నల్ల రింగు కొలత సరిపోయినా నెలలు గడవకముందే మళ్లీ అదే కథ. వేసే ముందు ఇంజక్టర్ నెత్తిన ఉన్న మట్టిని గాలితో ఊదేయండి, రింగుకు శుభ్రమైన డీజిల్ చుక్క రాసి దించండి. గమ్ము, సీలెంట్ ముట్టించొద్దు, ఆ ముక్కలు లైన్‌లో పడి తిరుగుతాయి. హోస్ పైపులు మెత్తబడినా పగిలినా అదే లోపలి కొలతలో గుడ్డ అల్లికవి వేయించండి. పరీక్షకు వాడిన సెలైన్ గొట్టాన్ని పర్మనెంటుగా వదిలేయాలనే ఆలోచన మాత్రం వద్దు. డీజిల్‌కు అది కొన్నాళ్లలో కర్రలా బిగుసుకుపోయి మూతి నుంచి జారిపోతుంది.

అన్నీ బిగించాక ఐదారుసార్లు కీ ఆన్ ఆఫ్ చేసి ఎయిర్ పోనివ్వండి. సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వండి. స్టార్ట్ కాలేదని గాలి ఫిల్టర్‌లో స్టార్టింగ్ స్ప్రే కొట్టే మహానుభావులు ఉన్నారు. గ్లో ప్లగ్ ఎర్రగా కాలుతున్న ఇంజన్‌లో అది బాంబు లాంటిది.

లీకు కాకుండా రిటర్న్ లైన్ మూసుకుపోయే కేసులు తక్కువ, కానీ ఉన్నాయి. ట్యాంకు దింపి ఎక్కించాకో, కింద రాయి తగిలాకో పైపు నలిగిపోతుంది. అప్పుడు ఎదురు ప్రెషర్ పెరిగి కొత్త ఓరింగులు కూడా వారంలో ఊరడం మొదలుపెడతాయి, ఐడిల్ అదురుతుంది. ట్యాంకు మూత తీసి, ఇంజన్ దగ్గర విడదీసిన రిటర్న్ పైపులో, ట్యాంకు వైపుకు మాత్రమే, సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టండి. ట్యాంకులో బుడబుడ వినిపిస్తే దారి ఉంది. కంప్రెషర్ గాలి వద్దు. ఫిల్టర్ మార్చిన మర్నాటి నుంచి మొదలైన ట్రబుల్ అయితే ఇవేవీ చేయకుండా ముందు ఫిల్టర్ మీద పైపులు తారుమారు అయ్యాయేమో బాణం గుర్తులు చూడండి.

పెట్రోల్ బండి ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు రెండు మాటలు. ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి ఇంజన్ నుంచి వెనక్కి వచ్చే లైనే ఉండదు, ప్రెషర్ అదుపు చేసే రెగ్యులేటర్ ట్యాంకులోనే పంపుతో కలిసి ఉంటుంది. పాత ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పెట్రోల్ ఇంజక్టర్ ఉండే) బండ్లలో రైల్ చివర రెగ్యులేటర్, దానికి సన్నటి వాక్యూమ్ పైపు ఉంటాయి. బండి నల్లపొగ వదులుతూ పెట్రోల్ వాసన వస్తుంటే ఆ వాక్యూమ్ పైపు తీసి చూడండి. లోపల పెట్రోల్ తడి ఉంటే రెగ్యులేటర్ డయాఫ్రమ్ చినిగినట్టే. అయితే పెట్రోల్ మీద డీజిల్‌లా సిరంజీలు, గొట్టాలు పెట్టి ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు.

ఒకవేళ మీ పరీక్షలో నిజంగానే ఒక ఇంజక్టర్ రిటర్న్ ఎక్కువ కొడుతుంటే, ఆ ఒక్కదాన్నే ల్యాబ్‌కు పంపండి. టెస్ట్ బెంచ్ మీద పెట్టి మరమ్మతుకు ముందు ఎంత, తర్వాత ఎంత అన్న కాగితం ఇవ్వమనండి. ఇవ్వలేమంటే ఇంకో ల్యాబ్ చూసుకోండి. చాలా ఇంజన్లలో కొత్త ఇంజక్టర్ మీద రాసి ఉన్న కోడ్‌ను స్కానర్‌తో కంప్యూటర్‌కు ఎక్కించాలి, అది చేశారో లేదో అడగండి. ఇంజక్టర్ తీసి పెట్టిన ప్రతిసారీ కింద రాగి వాషర్ కొత్తది పడాలి.

ముందైతే రేపు పొద్దున కీ మూడుసార్లు తిప్పే పరీక్ష చేసి ఎన్ని సెకన్లకు అందుకుందో చెప్పండి. పౌడరు చల్లాక ఫొటో తీస్తే అదీ పెట్టండి, ఏ కనెక్టర్ దగ్గర ఊరుతోందో నేనే చూసి చెబుతాను.